దానిమ్మ చెట్టుకు కోటు

ఆయన్ని ఆ ఊరి దుకాణదారులు మిల్లీగ్రాముగారు అనేవారు. ఎదురుగా కాదు, ఆయన వీధి మలుపు తిరిగాక. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరి, ఇన్‌స్పెక్టరుగానే పదవీ విరమణ చేశారు. మధ్యలో ప్రమోషన్ రాలేదా అని ఎవరైనా అడిగితే, వచ్చిందనీ, ఉత్తర్వులో తన పుట్టిన తేదీ తప్పుపడిందనీ, కనుక అది వచ్చింది తనకేనని చెప్పడానికి ఆధారం లేదనీ వివరించేవారు.

త్రాసును ఆయన మూడు విధాల పరీక్షించేవారు. పళ్ళేలు ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిలువుగా నిలవాలి. రెండు వైపులా సమానమైన తూనికలు వేసినప్పుడూ నిలవాలి. అటువి ఇటు, ఇటువి అటు మార్చి వేసినా నిలవాలి. మూడోది చాలామంది చేయరు. ఇత్తడి తూనికలను వేళ్ళతో ముట్టుకునేవారు కాదు, వేలి చెమటకు కూడా బరువుంటుంది కనుక. చిన్న పట్టకారుతో తీసి, అదే పట్టకారుతో మఖమల్ గుంటల్లో తిరిగి పెట్టేవారు. ఇంటి దగ్గర చక్కెర బిళ్ళను కూడా పట్టకారుతోనే టీలో వేసుకునేవారు. ఇది ఆయన భార్యకు మొదట్లో ముచ్చటగా ఉండేది.

వృత్తిలో ఆయన ఎన్నడూ మీరని నియమాలు రెండు. మొదటిది, పరీక్షించేవాడు మరమ్మతు చేయకూడదు. త్రాసు తప్పు చూపితే ఫెయిల్ అని చీటీ అంటించి పక్కకు పెట్టాలి తప్ప, తనే స్క్రూ తిప్పి, తనే పాస్ చేయకూడదు. అలా చేస్తే అతను పరీక్షించింది త్రాసును కాదు, తన పనితనాన్ని. రెండోది, తన పరిధి దాటి చేయి పెట్టకూడదు. ఒక వీధిలో ఎడమ వైపు దుకాణాలు ఆయనవి, కుడి వైపువి మరో ఇన్‌స్పెక్టరువి. కుడి వైపు దుకాణంలో కళ్ళెదుటే తక్కువ తూస్తున్నా ఆయన చూపు తిప్పుకొనేవారు. ఆ దుకాణంలో ఆయన ఏమీ కొనేవారు కాదు కూడా. అంతవరకే తన అధికారం అనుకునేవారు.

పెళ్ళి కూడా ఈ పద్ధతిలోనే జరిగింది. ఒక బేకరీలో త్రాసు కొనేవాళ్ళ వైపు మొగ్గి ఉంది. కిలో రొట్టె అడిగిన వాళ్ళకు నాలుగు గ్రాములు అదనంగా వెళ్తోంది. ఎవరూ ఫిర్యాదు చేయని తప్పు అది. ఆయన దానికి కూడా ఫెయిల్ చీటీ అంటించారు. కౌంటరు వెనుక నిలబడ్డ అమ్మాయి ఆ చీటీని చూసి, గల్లాపెట్టె మూసి, చేతులు కట్టుకుంది.

"మీ దయవల్ల ఇవాళ నాకు పని లేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలో అది కూడా రాసివ్వండి."

"రాసివ్వడం నా పరిధి కాదు," అన్నారు ఆయన ఆలోచించి. "నోటితో అయితే చెప్పగలను."

ఆ సాయంత్రం ఇద్దరూ వంతెన దాకా నడిచి వెనక్కి వచ్చారు. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. ఆమె తనతో తెచ్చుకున్న సామానులో ఒక నూనె డబ్బా ఉంది. బేకరీ వెనుక మెట్ల మీద, ఎవరో ఉమ్మేసిన గింజ నుంచి మొలిచిన దానిమ్మ మొక్క అందులో ఉంది.

ఆ మొక్కే తరవాత చెట్టయింది. వాళ్ళ ఇల్లు చిన్నది, రెండు గదులు, ఒక వంటగది. పెరడు అంతకంటే చిన్నది. రెండు మంచాలు కొసాకొసా వేస్తే నిండిపోతుంది. అందులోనే వంటగది గుమ్మం పక్కన పుదీనా, దాని వెనుక ఉల్లి మడి, గోడవారగా చేమంతులు, ఏటా బూజు పట్టే ఒక గులాబీ, మూలన దానిమ్మ. ఆకులు రాలే చెట్టే కనుక చలికాలమంతా అది కట్టెల మోపులా నిలబడేది. చలి తగ్గాక ఎర్రటి చిగురు వేసేది. చిగురు పచ్చబడ్డాక పూసేది. ఆ మొదటి పువ్వును చూసి ఆమె ఉన్ని శాలువా పెట్టెలో పెట్టేసేది. ఆ ఇంట్లో వసంతం రావడం అంటే అదే. క్యాలెండరుకు ఇందులో ప్రమేయం లేదు.

పదవీ విరమణ అయిన ఏడు, చలి మొదలయ్యే ముందు, ఆమె పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన మధ్యాహ్నం ఆయన దానిమ్మను కత్తిరించారు. కొమ్మల్లో నాలుగో వంతు తీసేస్తే చెట్టు బలపడుతుందని ఎక్కడో చదివారు. నాలుగో వంతు అంటే చెట్టు మొత్తంలోనా, ప్రతి కొమ్మలోనా అన్నది అక్కడ స్పష్టంగా లేదు. ఆయన ప్రతి కొమ్మకూ స్టీలు టేపు పట్టి, పొడవు చూసి, నాలుగుతో భాగించి, సుద్దతో గీత పెట్టి, ఆ గీత మీద కత్తిరించారు. గోడ దాటి పక్కింటి పెరట్లోకి వంగిన ఒక్క కొమ్మను మాత్రం ముట్టుకోలేదు. గోడ అవతల ఆయన పరిధి కాదు.

దానిమ్మ పువ్వులు ముదిరిన కొమ్మల చివర్లలో ఉండే పొట్టి రెమ్మల మీద వస్తాయి. ఈ సంగతి ఆయనకు ఆ మధ్యాహ్నం తెలియదు. తీసిన నాలుగో వంతు సరిగ్గా నాలుగో వంతే. రాబోయే పూతంతా ఆ నాలుగో వంతులోనే ఉంది.

ఆమె దవడ వాపుతో వచ్చి, గంపలో పేర్చి ఉన్న కొమ్మలను చూసింది. తిమ్మిరి తగ్గాక అడిగింది.

"అన్ని కొమ్మలూ మీకు ఒకటేనా?"

"నిష్పత్తి ఒకటే," అన్నారు ఆయన. "పొడవులు వేరు."

ఆయన ఉద్దేశంలో అది ఆమె ప్రశ్నకు పూర్తి సమాధానం. మర్నాడు ఉదయం ఆమె సంచీ సర్దుకుంది.

"చెల్లెలింటికి వెళ్తున్నా. ఈ చెట్టు మళ్ళీ పూసిన రోజున చెప్పండి, వస్తా."

"పూయకపోతే?" అని ఆయన అడిగారు, నిబంధన పూర్తిగా తెలుసుకోవడం కోసం.

"పూయకపోతే చెప్పడానికేముంటుంది?" అని ఆమె బస్సెక్కింది.

*

చలి వచ్చింది. పుదీనా నల్లబడింది. ఉల్లికాడలు వాలిపోయాయి. పెరటి కుళాయి తెల్లారేసరికి గడ్డకట్టి, ఎండ పడ్డాక దగ్గి దగ్గి నీళ్ళు వదిలేది. ప్రతి సాయంత్రం ఫోన్ మోగేది. ఆమె ముక్తసరిగా అడిగేది.

"పూసిందా?"

"లేదు."

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఉష్ణోగ్రత ఇంకా తగ్గింది."

"అంతేనా?"

"గాలిలో తేమ పెరిగింది."

అక్కడితో ఆమె పెట్టేసేది. తాను దేన్నీ దాచలేదు కదా, ఈమె రోజురోజుకూ రిసీవరు ఇంకా గట్టిగా ఎందుకు పెడుతోంది అని ఆయన ఆలోచించేవారు. తేమను శాతంలో చెప్పవలసిందేమో అనుకుని మర్నాడు శాతంలో చెప్పేవారు.

కొన్నిసార్లు ఆమె కంటే ముందు తోడల్లుడు ఫోన్ అందుకునేవాడు. అతను పడవలో టిక్కెట్లు చించే ఉద్యోగం చేసి మానుకున్నవాడు. సహజంగా సర్దుకుపోయే మనిషి. ఇప్పుడతని గొంతు వంటగది తలుపు వెనకనుంచి వస్తున్నట్టు ఉండేది.

"అన్నయ్యగారూ, ఒక్క పువ్వు. ఒక్కటి పూసిందని చెప్పండి చాలు."

"పూయలేదు తమ్ముడూ."

"పూయలేదని నాకూ తెలుసండీ. మంచు కురుస్తుంటే ఏం పూస్తుంది? వదినగారు నా కుర్చీ బాల్కనీలోకి మార్చారు. సరే అనుకున్నా. తరవాత బాల్కనీలో ఉల్లి నాటారు. నేనిప్పుడు మడి మధ్యలో కూర్చుంటున్నా. నిన్న నామీద కూడా నీళ్ళు పోశారు."

"ఉల్లికి ఎక్కువ నీళ్ళు మంచిది కాదు."

"నేను ఉల్లి గురించి చెప్పట్లేదండీ," అన్నాడు తోడల్లుడు ఏడుపు గొంతుతో.

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదని కాదు. ఆయన దాని గురించి సాంకేతికంగా ఆలోచించారు. పూసిందని చెబితే ఆమె వస్తుంది. వచ్చి చూస్తుంది. చూసిన వెంటనే పరీక్ష ఫెయిలవుతుంది. అందుకని వసంతం కోసం ఎదురుచూడడమే మార్గం. ఆ ఎదురుచూపు మాత్రం ఆయన ఆధీనంలో ఉండేది కాదు. చూరునుంచి నీటి చుక్కల చప్పుడు వినిపిస్తే మంచు కరుగుతోందని స్వెటర్ విప్పి బయటికి వచ్చేవారు. తీరా చూస్తే ఫ్రిజ్ వెనుక ట్రేలోకి కారే నీళ్ళు. గులాబీ మొదట్లో పచ్చగా ఏదో కనబడితే మోకాళ్ళ మీద కూర్చుని చూశారు; సోడా సీసా మూత. ఒక పిచ్చుక గోడ మీద వాలితే దానికి నమస్కారం పెట్టారు. ఎందుకు పెట్టారో ఆయన కూడా చెప్పలేకపోయారు.

చివరికి ఒక ఉదయం ఆయన చెంబులో గోరువెచ్చని నీళ్ళు పట్టుకుని దానిమ్మ దగ్గరికి వెళ్ళారు. వేళ్ళ దగ్గర నేల వేడెక్కితే చెట్టు తొందరగా మేలుకుంటుందేమో అనుకున్నారు. చెంబు వంచబోయి ఆగిపోయారు. ఈ చెట్టు పూసిందో లేదో చెప్పవలసింది తాను. పూసేలా చేసేదీ తానే అయితే, ఆ పువ్వు మాట ఎవరు నమ్మాలి? పరీక్షించేవాడు మరమ్మతు చేయకూడదు.

నీళ్ళు అక్కడే చల్లారిపోయాయి. ఆయన వాటిని వంటగది తొట్టిలో పారబోసి, పక్కింటి గోడ దగ్గరికి వెళ్ళి దర్జీ అక్కను పిలిచారు.

*

దర్జీ అక్క వీధి మొత్తానికి అక్కే, ఆయనకు మాత్రం చెల్లెమ్మ. ఆమె కుట్టు గది గోడకు అవతలి వైపు. ఇస్త్రీ పొయ్యి గొట్టం ఆ గోడలోంచే బయటికి వస్తుంది. జీవితంలో ఆమె ఒక మొక్క కూడా నాటలేదు. ఆమె ఇంట్లో ఉన్నవి ప్లాస్టిక్ పువ్వులు. వాటిని ఆదివారం సబ్బునీళ్ళతో కడిగి దండెం మీద ఆరేసేది.

"చెల్లెమ్మా, నా తోట పని నువ్వు చూడాలి."

"మీకు చేతకాదా అన్నయ్యగారూ?"

"చేతనవును. అందుకే నేను చేయకూడదు."

ఆమె నోట్లోంచి గుండుసూదులు తీసి, ఆయన్ని పరిశీలనగా చూసింది. పదవీ విరమణ అయిన మగవాళ్ళను ఆమె ఇంతకుముందూ చూసింది. ఒకాయన ఇంట్లో గడియారాలన్నీ విప్పేశాడు. మరొకాయన భార్యకు వంట నేర్పడం మొదలుపెట్టాడు. వాటితో పోలిస్తే ఇది నయమే అనుకుంది.

"వదిన రావాలంటే ఈ చెట్టు పూయాలి, అంతేగా?"

"అంతే."

"ఫోన్ చేసి రమ్మంటే సరిపోదా?"

"అది నిబంధనలో లేదు."

ఆమె గుండుసూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

పని మొదలుపెట్టిన రోజే దర్జీ అక్క దానిమ్మను సబ్బునీళ్ళతో కడిగింది. అది తప్పు కాదు. బెరడు పగుళ్ళలో చలికాలం దాక్కున్న పిండినల్లి చాలావరకు పోయింది. కాని ఆమె అందుకోసం కడగలేదు. దుమ్ముగా ఉందని కడిగింది. తరవాత టేపు తెచ్చి చెట్టుకు కొలతలు తీసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పెరటి గుమ్మం ఇవతల నిలబడి చూస్తున్నారు.

"దీనికి చలేస్తోంది అన్నయ్యగారూ. కోటు కుడతా. చేతులు లూజుగా పెట్టనా, బిగుతుగానా?"

"ఇన్‌స్పెక్టరు సలహా ఇవ్వకూడదు."

"పదకొండు చేతులున్నాయి దీనికి. ఒక్కోటి ఒక్కో పొడవు. ఇంత అవకతవక ఒళ్ళు నేనెప్పుడూ చూళ్ళేదు."

"నిష్పత్తి మాత్రం ఒకటే," అన్నారు ఆయన, ఆపుకోలేక.

కోటు తయారైంది. బూడిదరంగు ఉన్ని గుడ్డ, లోపల అస్తరు, ముందు వరసగా గుండీలు, పదకొండు చేతులు. మానుకు కాలరు కూడా పెట్టింది. అందరూ నిలబడి చూసేంత నాణ్యమైన కుట్టు. పెరటి వెనక సందులో పోయేవాళ్ళు నిజంగానే నిలబడి చూశారు. దూరంనుంచి చూస్తే ఎవరో చాలా చేతులున్న పెద్దమనిషి బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది. పాలు పోసే మనిషి ఒక పొద్దున దానికి గుడ్ మార్నింగ్ చెప్పి, తప్పు తెలుసుకుని, చెప్పింది ఆయనకేనన్నట్టు కిటికీ వైపు తల తిప్పాడు.

మొగ్గలకు వెలుతురు కావాలనీ, ఉన్ని తడిసి గడ్డకడితే చిగురుకు హాని అనీ, కోటును మధ్యాహ్నాలైనా విప్పాలనీ ఆయనకు తెలుసు. తెలిసినది చెప్పడం మరమ్మతు కిందికే వస్తుంది. కనుక చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, తన అధికారం ఎంతవరకో అంతవరకే పలికారు.

"ఫెయిల్."

"ఏం ఫెయిల్?"

"కారణం చెప్పకూడదు."

"నేను మూడు రోజులు కూర్చుని కుట్టా మిల్లీగ్రాముగారూ." కోపం వస్తే ఆమె ఆ పేరు ఎదురుగానే వాడేది. "చంకల దగ్గర బిగువా? కింద పొడవా? మనిషన్నాక ఏదో ఒకటి చెప్పాలిగా?"

"ఫెయిల్," అన్నారు ఆయన మళ్ళీ, ఎంతో బాధగా.

ఆమె ఉక్రోషంతో కోటు విప్పి, చంకల దగ్గర వదులు చేసి, మళ్ళీ తొడిగింది. ఆయన మళ్ళీ ఫెయిల్ అన్నారు. మళ్ళీ విప్పింది. ఇలా విప్పడంలో, తొడగడంలో చెట్టుకు రోజూ కొంత ఎండ తగిలింది. ఆ మేరకు ఈ విధానం పనిచేసిందనే చెప్పాలి.

*

చలి ఒకరోజు మాట మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయింది. పుదీనా మట్టిలోంచి తల ఎత్తింది. ఉల్లి మడిలో ఆకుపచ్చ ముళ్ళు లేచాయి. కోటు గుండీల మధ్యనుంచి ఎర్రటి చిగుళ్ళు బయటికి వచ్చాయి. దర్జీ అక్క తనే ఓడిపోయినట్టు కోటు విప్పి మడత పెట్టుకుంది. చిగుళ్ళు ఆకులయ్యాయి. ఆకులు పచ్చబడ్డాయి. ఆయన ఉదయమూ సాయంత్రమూ ఒక్కో కొమ్మ చివరా చూశారు. ఆకులు తప్ప ఏమీ లేవు. మొగ్గ రావలసిన ప్రతి చోటా తన కత్తెర చేసిన కోత, గుండ్రంగా, ఆరిపోయి కనబడింది. ఈ ఏడు చెట్టు పూయదని ఆయనకు ఆ రోజు ఖాయంగా తెలిసింది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"పూసిందా?"

"లేదు." పూయదు అని కూడా చెప్పాలి. ఆమె అది అడగలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని ఆయన ఉద్యోగంలో నేర్చుకున్నారు.

"ఇంకేమైనా చెప్పాలా?"

"తేమ తగ్గింది," అన్నారు.

రెండు రోజుల తరవాత, బట్టలు ఆరేసే వేళ, గోడ అవతలినుంచి పిలుపు వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ చెట్టు నా దండెం మీద ఏదో ఆరేసింది. మీరు తీసుకుంటారా, నన్ను తుంచెయ్యమంటారా? ఎర్ర పట్టు ముక్కనుకుని కత్తెర కూడా పెట్టబోయా."

ఆయన స్టూలు వేసుకుని గోడ మీదినుంచి చూశారు. ఎన్నడూ కత్తిరించని కొమ్మ అది. గోడకు ఆనుకుని, ఇస్త్రీ పొయ్యి గొట్టం పక్కగా వాలి ఉంది. చలికాలమంతా ఆ వెచ్చని ఆవిరి దానికి తగిలింది. చివర ఒక పువ్వు. మందమైన ఎర్రటి గిన్నె, దాని అంచున నలిపి వదిలిన పట్టుగుడ్డలాంటి రేకులు. పక్కన దర్జీ అక్క ఉతికిన దిండు గలీబులు.

"కత్తెర దించు చెల్లెమ్మా," అన్నారు ఆయన. ఆయన గొంతు పెంచగా ఆమె వినడం అదే మొదటిసారి.

"దించా. ఇంకేం, పూసిందిగా? ఫోన్ చెయ్యండి."

"అది నీ పెరడు. నా పరిధి కాదు. నువ్వు ధ్రువీకరించాలి."

"నా వైపు పూస్తే నాదే. జడలో పెట్టుకుంటా, సరేనా?" అని, ఆయన ముఖం చూసి వెంటనే మెత్తబడింది. "పూసింది పూసింది. ధ్రువీకరించా. దిగండి, పడతారు."

ఆయన పువ్వును మరోసారి చూశారు. దానిమ్మ పువ్వులు రెండు రకాలు. అడుగు కుండలా ఉబ్బి ఉన్నవి కాయలవుతాయి. గంటలా సన్నబడినవి కొద్ది రోజులు ఉండి రాలిపోతాయి. ఇది గంట.

ఆ సాయంత్రం ఫోన్ మోగకముందే ఆయన చేశారు.

"పూసింది. కాని మన పెరట్లో కాదు."

అవతల తోడల్లుడు ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది.

"మరెక్కడ?"

"గోడ అవతల. ఆ కొమ్మ నేను కత్తిరించలేదు. నా పరిధిలో లేదు."

"అయితే మీ పరిధిలో ఉన్నవేవీ పూయలేదన్నమాట."

"లేదు," అన్నారు ఆయన. ఆ మాట దానిమ్మ గురించే కాదేమోనన్న అనుమానం ఆయనకు రిసీవరు పెట్టాక కలిగింది.

*

మర్నాడు ఆయన ఇల్లు ఊడ్చి, ఆమె పేము కుర్చీ దుమ్ము దులిపి, వీధి గుమ్మంలో నిలబడ్డారు. బస్సు వచ్చే వేళ దాటింది. ఎవరూ రాలేదు. లోపలికి వెళ్ళి టీ కోసం నీళ్ళు పెట్టబోతుంటే పెరటి గోడ అవతలినుంచి భార్య నవ్వు వినిపించింది.

స్టూలు ఎక్కి చూశారు. ఆమె దర్జీ అక్క పెరట్లో, దండెం కింద కుర్చీలో కూర్చుని, ఒళ్ళో సంచీతో పువ్వును చూస్తోంది.

"ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే."

"ఇల్లు ఇటు."

"తెలుసు. చెట్టు పూసిన రోజున వస్తానన్నాను. పూసిన చోటికి వచ్చాను. మీ పెరట్లో పూయలేదని మీరేగా చెప్పారు?"

ఆయన ఆలోచించారు. వాదనలో లోపం కనబడలేదు.

"ఎన్నాళ్ళుంటావు అక్కడ?"

"పువ్వు ఉన్నన్నాళ్ళు. అది రాలాక చెల్లెలింటికి పోతా. పాపం మరిది ఎదురుచూస్తుంటాడు."

దర్జీ అక్క నోట్లోంచి గుండుసూదులు తీయకుండానే నవ్వింది. ఆ రాత్రికి వదినకు గుడ్డల తానుల మధ్య మంచం వేసింది.

మర్నాడు సాయంత్రం, ఎప్పటి వేళకే, ఆయన ఇంట్లో ఫోన్ మోగింది. తీశారు.

"పూసిందా?"

ఆ మాట ఆయనకు రిసీవరులోనూ, గోడ మీదినుంచీ, రెండు చోట్లా వినిపించింది. గోడ మీదినుంచి వచ్చింది రవ్వంత ముందు వచ్చింది.

"లేదు," అన్నారు.

"ఇంకేమైనా చెప్పాలా?"

ఆ పొద్దున ఆయన స్టూలెక్కి గోడ అవతలికి చూశారు. పువ్వు తొడిమ అప్పటికే పసుపు తిరిగింది. తెల్లారేసరికి రాలుతుంది, గాలి వీస్తే ఈ సాయంత్రమే. ఉష్ణోగ్రత ఎంతో ఆయనకు తెలుసు. తేమ కూడా తెలుసు, శాతంలో. నోరు తెరిచారు. చలికాలమంతా ప్రతి సాయంత్రం ఆమె అడిగింది ఇదే ప్రశ్న. ప్రతి సాయంత్రం తాను త్రాసులో తప్పు పళ్ళెంలో తూనిక వేస్తూ వచ్చారు.

ఆయన రిసీవరును బల్ల మీద పక్కకు పెట్టారు. అవతల ఆమెకు ముందు చెప్పుల చప్పుడు దూరమవుతూ వినిపించింది. తరవాత తలుపు. తరవాత ఏమీ లేదు. కాసేపటికి అవే చెప్పులు దర్జీ అక్క వీధి గుమ్మం వైపునుంచి దగ్గరవుతూ వినిపించాయి. ఆయన గోడకు ఈ వైపు రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. దర్జీ అక్క కుట్టు మిషను చక్రాన్ని అరచేత్తో ఆపింది.

"మన కొమ్మలు పూయలేదు," అన్నారు ఆయన గుమ్మంలో నిలబడి. "ఈ ఏడు పూయవు. నేను కోసినవాటిలోనే పూతంతా పోయింది. ఇక్కడిదీ నిలవదు. అడుగు సన్నం."

"అది చెప్పడానికా వచ్చారు?"

"కాదు."

ఆమె ఇంకా రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని ఉంది.

"ఇంటికి రా," అన్నారు.

"ఏ ఆధారంతో?"

ఆయన జేబులు తడుముకున్నారు.

"ఆధారం ఏమీ లేదు."

ఆమె రిసీవరు పెట్టేసింది. ఈసారి మెల్లగా పెట్టింది. లేచి, సంచీ అందించింది. ఆయన దాన్ని వేళ్ళతో, అరచేతితో, పూర్తిగా పట్టుకున్నారు.

"ఎంతుంటుంది?" అంది ఆమె గుమ్మం దిగుతూ. చేతిలోకి తీసుకున్న దేని బరువైనా ఆయన చెప్పగలరని ఊరందరికీ తెలుసు.

"మోయగలను," అన్నారు ఆయన.

తెల్లవారి ఆమె పుదీనా మడిలో కూర్చుని కలుపు తీస్తుంటే, గోడ అవతలినుంచి దర్జీ అక్క గొంతు వచ్చింది.

"వదినా, మీ పువ్వు రాలింది. చెల్లెలింటికి బస్సు చూడనా?"

"వద్దులే. ఊడ్చెయ్."

"మరి కోటేం చెయ్యను? పదకొండు చేతులు. ఎవరికి సరిపోతుంది ఇది?"

"దాచమ్మా. మళ్ళీ చలికాలం వస్తుందిగా."

ఆమె చేతుల మట్టి దులుపుకుని, గుమ్మం ఇవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ భర్తను చూసింది. చెంబు చూపించింది.

"దానిమ్మకు నీళ్ళు పొయ్యండి."

"ఎన్ని?"

"చాలినన్ని."

ఆయన చెంబు నింపుకుని చెట్టు దగ్గరికి వెళ్ళారు. చాలినన్ని అంటే ఎన్నో ఆలోచిస్తూ కొంతసేపు అలాగే నిలబడ్డారు. తరవాత పోశారు.